సడలింపు కూడా దైవాజ్ఞయే
(షాబాన్ మాసపు చివరి జుమా ప్రసంగం)

మొదటి ఖుత్బా

మనకు జీవమిచ్చి, విశ్వాస భాగ్యమిచ్చి, మరొక రమజాను గడప వద్దకు చేర్చిన అల్లాహ్‌కే సకల ప్రశంసలూ చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వారిపై, వారి కుటుంబంపై, వారి సహచరులందరిపై శాంతీ శుభాలూ కురియుగాక!

మాన్య సోదరులారా! ఈ ప్రసంగాన్ని ఇంటి వద్ద చదువుకొనే తల్లులారా, సోదరీమణులారా! అల్లాహ్‌కు భయపడవలసిందిగా ముందు నన్ను నేను హెచ్చరించుకొని, ఆ తరువాత మిమ్మల్ని హెచ్చరిస్తున్నాను.

రమజాను ఉపవాసాలు హిజ్రీ శకం 2వ సంవత్సరంలో విధి చేయబడ్డాయి. దైవప్రవక్త (స) తమ జీవితంలో తొమ్మిది రమజాను మాసాలు ఉపవసించారు. ఆ విధిని తెలిపే ఆదేశాలు దివ్యఖుర్ఆన్ రెండవ సూరా అయిన బఖరాలో, 183వ ఆయతు నుండి వరుసగా ఉన్నాయి. వాటిని శ్రద్ధగా పఠించేవారికి ఒక విషయం కనబడుతుంది. ఉపవాసం విధి అని ప్రకటించిన వెంటనే, మరుసటి ఆయతులోనే, వ్యాధిగ్రస్తుని గురించీ ప్రయాణికుని గురించీ ప్రస్తావన వస్తుంది. వారు ఆ రోజుల లెక్కను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చునని అల్లాహ్ అనుమతించాడు. 185వ ఆయతులో రమజాను ఘనతను వర్ణించి, మళ్ళీ అదే అనుమతిని పునరుద్ఘాటించాడు. ఆ వెంటనే, తాను మన విషయంలో సౌలభ్యాన్నే కోరుతున్నాననీ, కష్టపెట్టదలచలేదనీ తెలియజేశాడు.

ఆలోచించండి! ఉపవసించమన్న నోటితోనే, అశక్తుడు తరువాత ఉపవసించవచ్చునని ఆదేశం వచ్చింది. ఈ రెండవ మాట ఏ ముఫ్తీ గారో దయతలచి కల్పించినది కాదు. మొదటి మాట ఎవరిదో రెండవ మాట కూడా ఆయనదే. అటువంటప్పుడు ఒకదానిని శిరసావహించి, రెండవదానిని చిన్నచూపు చూసే అధికారం మనకు ఎక్కడిది? నేటి ప్రసంగంలో నేను విన్నవించదలచిన విషయం ఇదే.

ఈ విషయం ఎందుకు ఎత్తవలసి వచ్చిందో మీకు తెలుసు. మన ఇళ్ళలో పెద్దవారు ఉన్నారు. పదేళ్ళుగా చక్కెర వ్యాధి, దానికి తోడు రక్తపోటు, కొందరికి మూత్రపిండాల బలహీనత. రమజాను రాగానే కొడుకు అంటాడు: "అమ్మీ, డాక్టరు గారు వద్దన్నారు కదా, ఈసారి రోజాలు వదిలేయండి." ఆ తల్లి అంటుంది: "నలభై ఏళ్ళుగా ఒక్క రోజా వదలలేదు బేటా! ఇప్పుడు వదిలితే నలుగురిలో ఏ ముఖం పెట్టుకోను?" ఆ మాటలో భక్తి ఉంది, దానిని మనం గౌరవించాలి. అయితే ఆ మాట చివర 'నలుగురు' కూడా ఉన్నారు. ఉపవాసం అల్లాహ్ కోసం. నలుగురి కోసం ఆగిపోయే సడలింపును గురించి మనం నిదానంగా మాట్లాడుకోవాలి.

సోదరులారా! దైవప్రవక్త (స) జీవితం వైపు చూద్దాం. హిజ్రీ 8వ సంవత్సరం, రమజాను మాసం. మక్కా విజయం కోసం వారు సహచరులతో మదీనా నుండి బయలుదేరారు. అందరూ ఉపవాసంతో ఉన్నారు. కురాఉల్ గమీమ్ అనే చోటికి చేరేసరికి, ఉపవాసం ప్రజలకు భారమైందనీ, వారు మీరేం చేస్తారోనని చూస్తున్నారనీ ఎవరో విన్నవించారు. అప్పుడు అస్ర్ నమాజు దాటింది. సూర్యాస్తమయానికి మిగిలింది కొద్ది సమయమే. అయినా వారు పాత్రతో నీరు తెప్పించి, అందరికీ కనబడేటట్లు పైకెత్తి త్రాగారు. ఆ తరువాత కూడా కొందరు ఉపవాసం విరమించలేదని తెలిసినప్పుడు, వారిని అవిధేయులని పేర్కొన్నారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. గమనించండి, ఉపవాసం ఉన్నవారిని అవిధేయులన్నారు! విధేయత అంటే ఆకలి పరిమాణం కాదనీ, ఆజ్ఞ ఎటు ఉంటే అటు తిరగడమనీ ఆనాడు సహచరులకు బోధపడింది.

మరొక ప్రయాణంలో ఒకచోట జనం గుమిగూడి, ఒక వ్యక్తికి నీడ పడుతున్నారు. అతనికి ఏమైందని ప్రవక్త (స) అడిగారు. ఉపవాసంతో ఉన్నాడని చెప్పారు. అటువంటి స్థితిలో ప్రయాణంలో ఉపవసించడం పుణ్యకార్యం కాదని వారు సెలవిచ్చారు. దీనిని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ నమోదైంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో మరొక సంగతి ఉంది. తీవ్రమైన ఎండలో ఒకచోట విడిది చేయగా, ఉపవాసులు సొమ్మసిల్లి పడిపోయారు. ఉపవాసం లేనివారు లేచి గుడారాలు వేశారు, ఒంటెలకు నీళ్ళు పెట్టారు. ఆనాటి పుణ్యఫలమంతా ఉపవాసం లేనివారే తీసుకుపోయారని ప్రవక్త (స) అన్నారు.

అలాగని శక్తి ఉన్న ప్రయాణికుడు ఉపవసించరాదని కాదు. హమ్జా బిన్ అమ్ర్ అస్లమీ (రజి) గారు ఎక్కువగా ఉపవసించేవారు. ప్రయాణంలో ఏం చేయాలని అడిగితే, కోరితే ఉపవసించు, కోరితే విరమించు అన్న భావంలో ప్రవక్త (స) బదులిచ్చారు. ఉపవాసులూ ఉపవాసం లేనివారూ కలసి ప్రయాణించినా, ఒకరినొకరు నిందించుకొనేవారు కాదని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఈ చివరి మాటను మన వీధులలో, మన ఇళ్ళలో గుర్తుంచుకోవాలి. పగటివేళ ఒక ముసలాయన మందు బిళ్ళ వేసుకొని నీళ్ళు త్రాగితే, చూసినవారి కళ్ళలో ప్రశ్న కనబడుతుంది. ఆ ప్రశ్నకు భయపడే ఎందరో మందు మానేస్తున్నారు. సహచరులు వేయని నింద వేయడానికి మనమెవరం?

సోదరులారా! ధర్మం ఇచ్చిన సడలింపును కాదనడం వల్ల ప్రాణం పోయిన ఉదంతం కూడా హదీసులలో ఉంది. ఒక ప్రయాణంలో ఒక సహచరుని తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. నీటికి బదులు మట్టితో చేసే శుద్ధి, అంటే తయమ్ముమ్, తనకు వర్తిస్తుందా అని తోటివారిని అడిగారు. నీరు అందుబాటులో ఉంది కనుక వర్తించదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. ఈ వార్త విని దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. అతనిని వారే చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదనీ, అజ్ఞానమనే వ్యాధికి ప్రశ్నించడమే మందు అనీ అన్నారు. ఇది అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఆ తోటివారి ఉద్దేశం చెడ్డది కాదు. వారికి ఉన్నది భక్తియే. అయినా వారి మాట ఒక ప్రాణం తీసింది. ఇంట్లో వ్యాధిగ్రస్తురాలితో "ఏమీ కాదులే, అల్లాహ్ చూసుకుంటాడు" అని తేలికగా అనే ప్రతి ఒక్కరూ ఈ హదీసును ఒకసారి తలచుకోవాలి.

2001లో మన దేశంతో సహా 13 దేశాలలో చక్కెర వ్యాధి గల ముస్లిములపై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. రెండవ రకం వ్యాధి గలవారిలో రమాజానులో రక్తంలోని చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మిగతా నెలలకంటే సుమారు ఏడున్నర రెట్లు పెరిగాయని అందులో తేలింది. అయితే చక్కెర వ్యాధి ఉన్నవారంతా ఉపవాసం మానాలని దీని అర్థం కాదు. వ్యాధి అదుపులో ఉండి, వైద్యుడు మందుల వేళలు మార్చి అనుమతించినవారు ఉపవసించవచ్చు, ఉపవసించాలి. ఇన్సులిన్ మీద ఆధారపడినవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, తరచుగా చక్కెర పడిపోయేవారు మాత్రం వైద్యుని అడగకుండా సహరీకి లేవకూడదు.

ఇక ధర్మశాస్త్ర నియమాలను క్లుప్తంగా చెబుతాను. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీ పద్ధతిని అనుసరించేవారు కనుక ఆ ప్రకారమే చెబుతున్నాను.

ఏ వ్యాధి సడలింపునకు కారణమవుతుంది? ఉపవాసం వల్ల వ్యాధి పెరుగుతుందని, లేదా నయం కావడం ఆలస్యమవుతుందని, లేదా ప్రాణానికో అవయవానికో హాని కలుగుతుందని బలమైన అభిప్రాయం ఏర్పడాలి. ఆ అభిప్రాయం మూడింటిలో ఒక దానివల్ల ఏర్పడుతుంది: రోగి స్వానుభవం, స్పష్టమైన లక్షణాలు, నిపుణుడూ నమ్మదగినవాడూ అయిన వైద్యుని మాట. కొద్దిపాటి తలనొప్పి, ఆవలింతలు, నీరసం ఈ కోవలోకి రావు.

నయమయ్యే ఆశ ఉన్నవారు తరువాత ఖజా, అంటే వదిలిన రోజాలకు బదులు రోజాలు, ఉండాలి. వీరికి ఫిద్యా చెల్లదు. నయమయ్యే ఆశ లేని దీర్ఘరోగీ, శక్తి పూర్తిగా ఉడిగిన వృద్ధుడూ ఒక్కో రోజాకు ఒక ఫిద్యా ఇవ్వాలి. 184వ ఆయతులోని ఫిద్యా ఆదేశం ఉపవసించలేని వృద్ధ స్త్రీపురుషులకు వర్తిస్తుందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. హజ్రత్ అనస్ (రజి) వయసు పైబడిన తరువాత ఒకటి రెండు సంవత్సరాలు ఉపవసించలేక, ప్రతి రోజుకూ ఒక నిరుపేదకు రొట్టె, మాంసం పెట్టారు. దైవప్రవక్త (స)కు పదేళ్ళు సేవ చేసిన మహనీయుడాయన! ఆయనకు లేని సిగ్గు మనకెందుకు?

ఫిద్యా పరిమాణం సదఖతుల్ ఫిత్ర్ పరిమాణమే. గోధుమలైతే రోజుకు సుమారు ఒకటిముప్పావు కిలోలు, లేదా దాని ధర. లేదా ఒక పేదకు రెండు పూటలా కడుపునిండా భోజనం. ఆ స్తోమత కూడా లేనివారు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోవాలి. వారిపై అప్పు చేసే భారం లేదు. ఫిద్యా ఇచ్చిన తరువాత ఆరోగ్యం తిరిగి వస్తే మాత్రం ఆ రోజాలు ఖజా చేయవలసిందే.

గర్భవతి, పాలిచ్చే తల్లి తనకు గానీ బిడ్డకు గానీ హాని కలుగుతుందని భయపడితే ఉపవాసం వదలవచ్చు. ఆమెపై ఖజా మాత్రమే ఉంటుంది, ఫిద్యా లేదు. ఋతుస్రావంలో, పురిటి రోజులలో ఉపవసించడం నిషిద్ధం. ఆ రోజుల నమాజులు ఖజా చేయమని తమకు ఆదేశం రాలేదనీ, రోజాలు మాత్రం ఖజా చేయమని ఆదేశించబడేదనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

ఉపవాసం ప్రారంభించిన తరువాత మధ్యలో ప్రాణభయం ఏర్పడితే విరమించడం తప్పనిసరి. చక్కెర 70కి దిగువకు పడిపోయినా, 300 దాటినా ఉపవాసం విరమించవలసిందని వైద్యులు చెబుతారు. చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, మాట తడబడటం చక్కెర పడిపోయినదానికి గుర్తులు. అప్పుడు మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాలే ఉన్నా ఆగకూడదు. వెంటనే షర్బత్ త్రాగాలి. దానికి ఒక్క ఖజా చాలు, కఫ్ఫారా లేదు. ఆ పది నిమిషాలు ఓర్చుకోవడం సహనం అనిపించుకోదు. స్వయంగా వినాశంలో పడవద్దని అదే బఖరా సూరా 195వ ఆయతులో అల్లాహ్ వారించాడు.

చక్కెర పరీక్ష కోసం వేలి నుండి రక్తం తీసుకుంటే రోజా భంగం కాదు. ఇన్సులిన్ సూది వేసుకున్నా భంగం కాదు. కనుక "రోజా పోతుందేమో" అని పరీక్ష మానేయడం తగదు. ఉబ్బసం ఉన్నవారు వాడే ఇన్హేలర్ వల్ల రోజా భంగమవుతుందని మన దేశపు హనఫీ ముఫ్తీలలో అత్యధికుల అభిప్రాయం. అయినా ఊపిరి ఆడనప్పుడు వెంటనే వాడాలి, తరువాత ఖజా చేయాలి. మరచిపోయి తిన్నా త్రాగినా రోజా భంగం కాదు. అతనికి అల్లాహ్‌యే తినిపించాడు, త్రాగించాడు అన్న భావంలో ప్రవక్త (స) శుభవార్త చెప్పారు.

సోదరులారా! ఇంతవరకు సడలింపును కాదనేవారి గురించి చెప్పాను. దానిని సాగదీసేవారి గురించి కూడా చెప్పకపోతే న్యాయం చేసినవాడిని కాను. ఆరోగ్యవంతుడైన యువకుడు పరీక్షలున్నాయనీ, ఎండ ఎక్కువగా ఉందనీ రోజాలు వదలి, ముప్పై రోజుల ఫిద్యా లెక్కగట్టి ఇచ్చేస్తే అతని బాధ్యత తీరదు. ఎన్ని బస్తాల గోధుమలు పంచినా అది దానమవుతుందే గానీ రోజాకు బదులు కాదు. రమజానులో ఉద్దేశపూర్వకంగా, ఏ కారణమూ లేకుండా, ప్రారంభించిన రోజాను తిని త్రాగి లేదా దాంపత్యంతో భంగపరచినవాడిపై ఖజాతో పాటు కఫ్ఫారా కూడా ఉంటుంది. నేడు దాని రూపం ఎడతెగకుండా రెండు నెలల ఉపవాసం. అది నిజంగా సాధ్యం కానివారికే అరవై మంది పేదలకు భోజనం.

ఎండలో కష్టపడే సోదరుల సంగతి వేరు. మిరప యార్డులో బస్తాలు మోసేవారు, తాపీ పనివారు, రిక్షా, ఆటో నడిపేవారు కూడా సహరీ చేసి, నియ్యత్‌తో రోజా ప్రారంభించాలి. పని వేళలు మార్చుకోగలిగితే మార్చుకోవాలి. పగటివేళ ప్రాణానికి ముప్పు వచ్చే స్థితి ఏర్పడితే అప్పుడు విరమించి, తరువాత ఖజా చేయాలి. వారిచేత పని చేయించుకొనే యజమానులు ఈ మసీదులోనే, ఈ వరుసలలోనే ఉన్నారు. తాను నీడలో కూర్చుని రోజా నిలుపుకొని, తన కూలివాని రోజా ఎండలో భంగమయ్యేలా చేసే యజమాని, అల్లాహ్ ఎదుట ఏమని సమాధానం చెబుతాడు?

ఈ మాటలు చెప్పి, నా కొరకూ మీ కొరకూ సకల విశ్వాసుల కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతీ శుభాలూ కలుగుగాక!

సోదరులారా! తాను ఇచ్చిన సడలింపులను దాసులు స్వీకరించడం అల్లాహ్‌కు ఇష్టమనీ, అవిధేయత ఆయనకు ఎంత అయిష్టమో ఇది అంత ఇష్టమనీ అర్థమిచ్చే హదీసును హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ముస్నద్ అహ్మద్‌లో అది ఉంది. కనుక అల్లాహ్ ఆజ్ఞ మేరకు రోజా వదలి మందు వేసుకొనే ఆ తల్లి, ఆ గుటకతో కూడా ఆయన ప్రసన్నతనే పొందుతున్నది. ఆమె నలభై ఏళ్ళ రోజాలు ఎక్కడికీ పోలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆరాధనల పుణ్యం, జబ్బుపడిన దాసునికీ ప్రయాణంలో ఉన్నవానికీ యథాతథంగా వ్రాయబడుతుందని బుఖారీ హదీసు తెలియజేస్తున్నది. ఈ శుభవార్తను నేడు ఇంటికి వెళ్ళి మీ అమ్మీకి, అబ్బాకి, నానీకి, దాదాకి స్వయంగా వినిపించండి.

రమజానుకు మిగిలిన ఈ కొద్ది రోజులలో నాలుగు పనులు చేయవలసిందిగా కోరుతున్నాను.

మొదటిది, ఇంట్లో దీర్ఘరోగులుంటే ఈ వారంలోనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఉపవసించవచ్చునా, మందులు ఏ వేళ వేసుకోవాలి అని అడగండి. వైద్యుడు వద్దంటే ఆ మాటను కుటుంబమంతా ఒక్క గొంతుతో బలపరచండి.

రెండవది, వదిలిన రోజాల లెక్క వ్రాసి పెట్టుకోండి. గత రమజాను రోజాలు బాకీ ఉన్నవారికి షాబాను దినాలు ఇంకా కొన్ని ఉన్నాయి. హజ్రత్ ఆయిషా (రజి) తమ ఖజా రోజాలను షాబానులో పూర్తి చేసుకొనేవారు. ఈలోగా పూర్తి కాకపోయినా ఆ బాకీ రద్దు కాదు. రమజాను తరువాత తీర్చాలి. వరుసగానే ఉండాలన్న నియమమూ లేదు.

మూడవది, ఇంటి పురుషులకు ఒక మాట. మీ రోజాలు ముప్పై రోజులలో ముగుస్తాయి. మీ ఇంటి ఆడవారిపై ఆ తరువాత కూడా ఆరేడు రోజాలు మిగిలి ఉంటాయి. అందరూ ఉపవసించే నెలలో అందరితో కలసి ఉపవసించడం తేలిక. అందరూ తింటున్నప్పుడు వంట చేస్తూ ఒంటరిగా ఉపవసించడం భారం. ఆ రోజులలో సహరీకి మీరూ లేవండి. ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్ళు మీ చేతులతో అందించండి. రమజానులో ఆమె రోజా లేని రోజులలో, "ఈరోజు ఎందుకు లేదు?" అని అడిగి సిగ్గుపరచకండి. ఆమె వంటింటి మూల దాక్కొని నీళ్ళు త్రాగే పరిస్థితి ఇంట్లో ఉండకూడదు.

నాల్గవది, ఫిద్యా ఇవ్వవలసినవారు దానిని అర్హులైన పేదలకు, వారి గౌరవానికి భంగం కలగకుండా చేర్చండి. వ్యాధి నుండి కోలుకోకుండానే మరణించినవారిపై ఏ బాకీ లేదు. కోలుకొని, అవకాశం ఉండీ ఖజా చేయనివారు, తమ ఆస్తిలో మూడవ వంతు మించకుండా ఫిద్యా ఇవ్వవలసిందిగా వసీయత్ చేయాలి.

శక్తి ఉన్నవారికి చివరి మాట. ఇన్ని సడలింపులు విన్న తరువాత మీలో సోమరితనం తలెత్తితే, ఈ ప్రసంగం మీ కోసం కాదని తెలుసుకోండి. మీకు అల్లాహ్ ఇచ్చిన ఆరోగ్యానికి కృతజ్ఞతే మీ రోజా. అబద్ధాన్నీ, దుష్ట ప్రవర్తననూ వదలని వ్యక్తి అన్నపానీయాలు వదలడం అల్లాహ్‌కు అక్కరలేదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆకలితో పాటు నాలుకనూ, చూపునూ, తరాజునూ అదుపులో ఉంచుకోండి.

ఓ అల్లాహ్! మమ్మల్ని రమజానుకు చేర్చు. శక్తి ఉన్నవారికి దానిని పూర్తిగా నెరవేర్చే భాగ్యమివ్వు. మా వ్యాధిగ్రస్తులకు స్వస్థత ప్రసాదించు. ఉపవసించలేక కన్నీరు పెట్టే మా పెద్దల హృదయాలకు నీ వాగ్దానంతో ఊరట కలిగించు. నీవు ఆజ్ఞాపించినప్పుడు ఆగడానికీ, నీవు అనుమతించినప్పుడు స్వీకరించడానికీ మాకు సమానమైన విధేయతను అనుగ్రహించు. మాలో తెలియనివారికి అడిగే వినయాన్నీ, తెలిసినవారికి కరుణతో చెప్పే మాటనూ ప్రసాదించు. మా దేశంలో శాంతినీ, మా పొరుగువారితో సద్భావాన్నీ నెలకొల్పు. మా ఉపవాసాలను, మా ఖజాలను, మా ఫిద్యాలను స్వీకరించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!